మేనమామ పోలిక: ఒకే జన్యులోపం, రెండు వేర్వేరు జవాబులు

"సార్, ఒక్క సూదితోని జిందగీ మొత్తం నయమైతదట గద. ఎకరంనర ఉన్నది, అమ్ముత. మా పోరనికి ఆ జీను మందు పెట్టియ్యుండ్రి."

2023 జులైలో పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కుర్చీలో కూర్చోకుండానే అడిగిన మాట ఇది. గీత కార్మికుడు. యాభై ఎనిమిదేళ్ల వయసులో కూడా రోజూ తాళ్లెక్కుతాడు. మోకు ఒరుసుకుని నడుము వెనక చర్మం నల్లగా కాయకట్టింది. ఆయన ఫోనులో ఎవరో పంపిన వీడియో ఉంది. రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా-ఏకు రాక్టేవియన్ అనే జన్యుచికిత్స మందుకు అంతకు నెల ముందే, జూన్‌లో, అమెరికాలో అనుమతి వచ్చింది. వీడియోలో అబద్ధం ఏమీ లేదు. సగమే చెప్పింది.

నేను హనుమకొండలో ఫిజీషియన్‌ని. రక్తం గడ్డకట్టని జబ్బులున్న వాళ్లను చాలాకాలంగా చూస్తున్నాను. ఈ ఇంట్లో నాకు ఇద్దరు పేషెంట్లు: పెద్దాయన కొడుకు, కూతురి కొడుకు. మన దగ్గర పిల్లవాణ్ని చూడగానే "మేనమామ పోలిక" అంటాం. హీమోఫీలియాలో ఆ మాట అక్షరాలా నిజం. లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి తల్లి మోసుకొస్తుంది, కొడుకులో బయటపడుతుంది. అమ్మమ్మ దగ్గర మొదలై ఇటు మామకీ, అక్క ద్వారా అటు మేనల్లుడికీ చేరింది. కుటుంబం ఒప్పుకున్నాక, ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

మేనమామ

ఇప్పుడు 29 ఏళ్లు, 58 కిలోలు. మీసేవ సెంటర్‌లో ఆపరేటర్. 1999లో, మూడేళ్లప్పుడు, నాలుక కరుచుకుంటే నాలుగు రోజులు రక్తం ఆగలేదు. అప్పుడు వాళ్లకు దొరికినవి దాతల రక్తం నుంచి తీసే ప్లాస్మా, క్రయో. దాత రక్తానికి హెపటైటిస్-సి పరీక్ష ఇంకా తప్పనిసరి కాని రోజులవి. ప్రాణం నిలిచింది, హెపటైటిస్-సి అంటుకుంది. ఆ సంగతి 2016లో గానీ తెలియలేదు. 2018లో పన్నెండు వారాలు మాత్రలు వాడితే వైరస్ పోయింది.

నా దగ్గరి రిపోర్టులు: రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే పరీక్షల్లో ఏపీటీటీ 94 సెకన్లు (పోల్చిన మామూలు శాంపిల్ 31), పీటీ మామూలే, రక్తం గడ్డకట్టించే ప్రొటీన్ ఫ్యాక్టర్ 8 ఒక శాతం కన్నా తక్కువ, ఎక్కించిన ఫ్యాక్టర్‌ను పనిచేయనివ్వని యాంటీబాడీ (ఇన్హిబిటర్) లేదు. జన్యు పరీక్షలో 22వ ఇంట్రాన్ తలకిందులు అయినట్టు తేలింది. అంటే ఫ్యాక్టర్ 8 జన్యువులో ఒక పెద్ద భాగం తిరగబడి అతుక్కుంది. తీవ్ర హీమోఫీలియా-ఏ ఉన్నవాళ్లలో నూటికి నలభై మందికి పైగా ఇదే లోపం. కుడి మోకాలు పదిహేను డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, పూర్తిగా చాపలేడు. వారానికి రెండుసార్లు 500 యూనిట్ల ఫ్యాక్టర్ 8 ఎక్కించే ఏర్పాటు చేశాం. బయటి దేశాల లెక్కలో ఇది చిన్న డోసే. మనకు అందే దాంట్లో కీళ్లను కాస్తయినా కాపాడేది ఇదే.

నేను చేసిన పొరపాటు కూడా రాయాలి. పెద్దాయన ఆ వీడియో చూపించిన రోజు కొడుకు పక్కనే ఉన్నాడు. జర్నల్‌లో ఆ ఫలితాలు చదివిన ఉత్సాహం నాలో ఇంకా తగ్గలేదు. "భూమి అమ్మకండి, తొందరేం లేదు. అయిదేళ్లు ఓపిక పడితే ఈ సూదుల బాధే ఉండదు" అన్నాను. తండ్రి విన్నది భూమి సంగతి. కొడుకు విన్నది అయిదేళ్ల సంగతి. ఎలాగూ నయమయ్యేదే కదా అనుకున్నాడు. వారానికి రెండు సూదులు ఒకటయ్యాయి, తర్వాత నొప్పి వస్తేనే. మేమిచ్చిన రికార్డు పుస్తకంలో అతని అందమైన చేతిరాతతో అక్టోబరు నుంచి వరసగా ఒకటే మాట: పర్వాలేదు, పర్వాలేదు, పర్వాలేదు.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర. మేనల్లుడి పేరున ఎత్తు బంగారం మొక్కుంది. పిల్లవాడి బరువు పద్దెనిమిది కిలోలు, అంత బెల్లం మూట భుజాన వేసుకుని జనంలో నడిచాడు. తిరిగొచ్చిన మూడో రోజుకు కుడి గజ్జలో నొప్పి, కాలు పొట్టకేసి ముడుచుకుపోయింది. దారిలో ఒకచోట అపెండిక్స్ అనుకుని పిర్రకు సూది వేశారు. ఆ సూది వేసిన చోట అరచేయంత గడ్డ. నా దగ్గరకు వచ్చేసరికి హిమోగ్లోబిన్ 13.1 నుంచి 8.4కు పడింది. తొడ ముందు భాగం తిమ్మిరి, మోకాలు చాచే కండరంలో బలం లేదు. అల్ట్రాసౌండ్‌లో తుంటి లోపలి ఇలియోసోయాస్ కండరం నిండా రక్తం. తొడ నరాన్ని నొక్కుతోంది.

వెంటనే 2,000 యూనిట్లు ఎక్కించాం. కిలోకు ఒక యూనిట్ ఇస్తే ఫ్యాక్టర్ 8 సుమారు రెండు శాతం పెరుగుతుంది, ఆ లెక్కన దాదాపు 70 శాతానికి చేరాలి. తర్వాత పన్నెండు గంటలకోసారి వెయ్యి. పదకొండు రోజులు మంచం. కండరం తిరిగి పుంజుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. జన్యుచికిత్స అతని ఒంట్లోకి రాకముందే దాని గురించిన మాట అతనికి రక్తస్రావం తెచ్చింది. ఆ మాట నాది.

డిశ్చార్జి రోజు తండ్రీకొడుకులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, జులైలో చెప్పాల్సిందంతా అప్పుడు చెప్పాను.

లొట్టి చిన్నది

జన్యువు మంచిదేనా అన్నది ఎప్పుడో తేలిపోయింది. చిక్కంతా దాన్ని ఏ బండిలో వేసి, ఏ కణానికి చేర్చాలన్న దగ్గరే. ఇప్పటివరకు అనుమతి పొందిన హీమోఫీలియా జన్యుచికిత్స మందులన్నీ ఏఏవీ అనే బండి మీద వచ్చినవే. జబ్బు చేయని ఒక చిన్న వైరస్ డొల్ల అది. లోపలి సరుకు తీసేసి మనకు కావలసిన జన్యువు పెట్టి నరంలోకి ఎక్కిస్తే కాలేయానికి చేరుతుంది. అందులో పట్టేది సుమారు 4,700 డీఎన్ఏ అక్షరాలు. హీమోఫీలియా-బీలో లోపించే ఫ్యాక్టర్ 9 జన్యువుకు 1,400 చాలు, హాయిగా కూర్చుంటుంది. ఫ్యాక్టర్ 8ది ఏడు వేలు.

"అంటే లొట్టి చిన్నది, కల్లు ఎక్కువ" అన్నాడు పెద్దాయన. నేను ఇంతకాలం చెప్పిన ఏ పోలికా అంత సూటిగా లేదు.

అందుకని మధ్యలో రక్తం గడ్డకట్టడానికి అక్కరలేని బీ-డొమైన్ అనే ముక్కను కోసేశారు. 4,400కు దిగింది. దాన్ని పనిచేయించే ప్రమోటరు, చివరి తోక కలిపితే మళ్లీ అంచు దాటుతుంది. కుక్కి కుక్కి నింపాల్సి వస్తుంది. పైగా ఒంట్లో ఫ్యాక్టర్ 8 సహజంగా తయారయ్యేది కాలేయంలోని సన్న రక్తనాళాల లోపలి పొర కణాల్లో. ఏఏవీ వెళ్లి కూర్చునేదేమో పక్కనున్న కాలేయపు ప్రధాన కణాలైన హెపటోసైట్లలో. ఫ్యాక్టర్ 9 తయారయ్యేదే ఆ హెపటోసైట్లలో కాబట్టి దానికి ఈ తంటా లేదు. హీమోఫీలియా-బీ ముందు పరిగెత్తి, ఏ వెనకబడ్డది ఇందుకే. బీకి ఇంకో అదృష్టం కూడా కలిసొచ్చింది. ఇటలీలో ఒక యువకుడికి కాలి నరంలో రక్తం గడ్డకడితే, కారణం వెతకగా మామూలు కంటే ఎనిమిది రెట్లు చురుకైన ఫ్యాక్టర్ 9 బయటపడింది. 2009లో ప్రచురించిన ఆ పడువా రకాన్నే ఇప్పటి మందుల్లో వాడుతున్నారు. ఒక ఇంటి జబ్బు ఇంకో ఇంటికి మందయింది.

తేడా డోసులోనే తెలిసిపోతుంది. బీకి 2022 నవంబరులో అనుమతి వచ్చిన హెమ్‌జెనిక్స్ డోసు కిలోకు 20 లక్షల కోట్ల వైరస్ కణాలు. రాక్టేవియన్‌ది కిలోకు 60 లక్షల కోట్లు. మనవాడి 58 కిలోలకు లెక్కేస్తే 35 కోట్ల కోట్లకు దగ్గర. అంత మోత కాలేయం మీద పడితే అది ఊరుకోదు. 134 మందితో చేసిన పరిశోధనలో ఎనభై శాతం పైగా మందికి కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైము ఏఎల్టీ పెరిగింది, చాలామందికి నెలల తరబడి స్టెరాయిడ్లు ఇవ్వాల్సి వచ్చింది. ఫ్యాక్టర్ 8 ఏడాది చివరికి సగటున 40 చిల్లర దాకా వెళ్లి, రెండో ఏడాదికి దాదాపు సగానికి పడింది. రక్తస్రావాలు బాగా తగ్గాయి, ఆ మాట కాదనలేను. కానీ మట్టం దిగుతూ పోతుంది. మళ్లీ ఎక్కిద్దామంటే కుదరదు, ఎందుకంటే మొదటి డోసుతోనే ఒంట్లో ఏఏవీ మీద యాంటీబాడీలు నిండిపోతాయి. ఈ బండికి టికెట్ ఒక్కసారే దొరుకుతుంది.

ఇక అతని కాలేయం. అది ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో మొదటిసారి 11.2 కిలోపాస్కల్స్ వచ్చింది. ఆరా తీస్తే పొద్దున సర్వపిండి తిని వచ్చాడట. తిన్న వెంటనే చేస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. మర్నాడు పరగడుపున చేయిస్తే 9.8. అంటే కాలేయం మచ్చకట్టే ఫైబ్రోసిస్ మూడో దశ గడప మీద ఉన్నట్టు. మూడు, నాలుగు దశల్లో ఉన్నవాళ్లకు రాక్టేవియన్ ఇవ్వకూడదు. యాంటీబాడీ పరీక్ష దాకా పోనక్కరలేకుండా కాలేయం దగ్గరే దారి మూసుకుంది. ఇంకొకటి కూడా మనసులో ఉంది. హెమ్‌జెనిక్స్ పరిశోధనలో 54 మందిలో ఒకరికి కాలేయ క్యాన్సర్ వచ్చింది. అతనికి పాత హెపటైటిస్ చరిత్ర ఉంది. గడ్డను జన్యుపరంగా జల్లెడ పట్టి మందుకు సంబంధం లేదని తేల్చారు, నేను నమ్ముతాను. అయినా నా ఎదుట ఉన్నదీ పాత హెపటైటిస్ కాలేయమే.

మద్యం సంగతి కూడా చెప్పాను. రాక్టేవియన్ తీసుకున్నాక కనీసం ఏడాది చుక్క ముట్టకూడదు.

"కల్లు కూడ వద్దా సార్? అది మందెట్లయితది, చెట్టు పాలు గద" అన్నాడు పెద్దాయన. కొడుకు నవ్వాపుకున్నాడు. మందు సంగతి ఎలా ఉన్నా ఈ కాలేయానికి చెట్టు పాలు కూడా వద్దని అప్పుడే రాసిచ్చాను.

ధర చివర్లో చెప్పాను. రాక్టేవియన్‌కు అమెరికాలో పెట్టిన ధర 29 లక్షల డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 24 కోట్ల రూపాయలు. పెద్దాయన కాసేపు ఫోను వైపు చూసి జేబులో పెట్టుకున్నాడు. ఎకరంనర మాట మళ్లీ ఎత్తలేదు.

కౌలు, పట్టా

2024 డిసెంబరులో నేనే వాళ్లకు ఫోన్ చేశాను. వెల్లూరు సీఎంసీ వాళ్ల ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఈసారి మాట జారకూడదని ముందు కాగితం మీద రాసుకున్నాను.

ఏఏవీతో వెళ్లిన జన్యువు కణంలో కౌలుదారులా ఉంటుంది. కేంద్రకంలో ఒక పక్కన ఉండి పంట తీస్తుంది, క్రోమోజోములో మాత్రం దాదాపుగా ఎక్కదు. కణం రెండైతే కౌలుదారు రెండు కాలేడు. లెంటివైరస్ అనే ఇంకో రకం వైరస్ బండి అలా కాదు, క్రోమోజోములోకి ఎక్కి పట్టా చేయించుకుంటుంది. కణం ఎన్నిసార్లు విడిపోయినా పిల్ల కణాలన్నిటికీ వారసత్వంగా వస్తుంది. వెల్లూరులో చేసింది ఇదే. పేషెంటు రక్తంలోంచి మూలకణాలు తీసి, బయట లెంటివైరస్‌తో ఫ్యాక్టర్ 8 జన్యువు ఎక్కించి, తిరిగి అతనికే ఇచ్చారు. ఆ కణాల సంతానమైన మోనోసైట్లు అనే తెల్లకణాలు ఫ్యాక్టర్ 8 తయారు చేస్తాయి. కాలేయం జోలికి పోదు, ఏఏవీ యాంటీబాడీలతో పని లేదు. అయిదుగురికి ఇచ్చారు. చూసినంత కాలంలో, మధ్యస్థంగా పద్నాలుగు నెలలు, ఒక్కరికీ రక్తస్రావం కాలేదు. మూలకణాల్లోకి వైరస్ బాగా ఎక్కేలా ఒక సహాయక పదార్థం కలిపిన తర్వాతి ముగ్గురిలో ఫ్యాక్టర్ మట్టం మొదటి ఇద్దరి కంటే చాలా మెరుగ్గా నిలిచింది.

వినడానికి మనవాడికి కుట్టించిన చొక్కాలా ఉంది. వెల ఎక్కడుందంటే, కొత్త మూలకణాలకు చోటు కావాలంటే ముందు ఎముక మజ్జను కీమోతో ఖాళీ చేయాలి. జుట్టు రాలుతుంది, తెల్లకణాలు పడిపోతాయి, వారాలపాటు విడి గదిలో ఉండాలి. సంతానం కలగకుండా పోయే ప్రమాదం ఉంది కాబట్టి ముందే వీర్యం దాచుకోవాలి. పట్టా అన్నాక ఏ సర్వే నంబర్లో పడుతుందన్న భయం కూడా ఉంటుంది. క్యాన్సర్ జన్యువు పక్కన పడి దాన్ని లేపితే? అడ్రినోల్యూకోడిస్ట్రోఫీ అనే వేరే జబ్బుకు వేరే రకం లెంటివైరస్ చికిత్స తీసుకున్న 67 మంది పిల్లల్లో ఏడుగురికి రక్త క్యాన్సర్ వచ్చింది. వెల్లూరు వెక్టారులో వాడిన ప్రమోటరు వేరు, ఆ అయిదుగురిలో అలాంటిదేమీ కనిపించలేదు. అయినా అయిదుగురంటే అయిదుగురే.

అతను అడిగింది ఒకటే. "పెండ్లి సంబంధం నడుస్తున్నది సార్. ఇది చేయించుకుంటే నా బిడ్డలకు రాకుంట ఉంటదా?"

ఉండదు. ఏ బండి మీద వచ్చినా ఈ చికిత్స వీర్యకణాల్లోని జన్యువును మార్చదు. కొడుకులకు ఎలాగూ రాదు, వాళ్లకు తండ్రి ఇచ్చేది వై క్రోమోజోమే. కూతుళ్లందరూ క్యారియర్లే అవుతారు. అనుకుంటున్న పిల్ల అతని సొంత మేనమామ, అంటే తల్లి తోడబుట్టినవాడి కూతురు. మేనరికం అనగానే డాక్టర్లం గబుక్కున వద్దంటాం, కానీ ఈ జబ్బు వరకే చూస్తే ఆ మేనమామకు హీమోఫీలియా లేదు. అంటే అతని ఎక్స్ శుభ్రంగా ఉన్నట్టే, అతని కూతురికి ఆ వైపు నుంచి ఈ లోపం రాదు. దగ్గరి రక్తసంబంధంతో వచ్చే మిగతా జబ్బుల సంగతి వేరే, దానికి కౌన్సెలింగ్‌కు పంపాను. రిపోర్టులన్నీ జతచేసి వెల్లూరుకు ఉత్తరం రాశాను. ముందు పెళ్లి, తర్వాతే కీమో ఆలోచన అని అతనే తేల్చుకున్నాడు. నాకూ అదే సరైనదనిపించింది.

మేనల్లుడు

ఏడేళ్లు, 20 కిలోలు. మామకున్న జన్యులోపమే, కథ పూర్తిగా వేరు. నాలుగేళ్లప్పుడు సైకిల్ మీంచి పడి తలలో రక్తస్రావమైంది. రెండు వారాలు ఫ్యాక్టర్ 8 కుండపోతగా ఇవ్వాల్సి వచ్చింది, ప్రాణం దక్కింది. నెల తిరిగేసరికి ఇన్హిబిటర్ పుట్టింది, 14 బెథెస్డా యూనిట్లు. తీవ్ర హీమోఫీలియా-ఏలో పాతిక, ముప్పై శాతం మందికి ఇలా జరుగుతుంది. అంత ఇన్హిబిటర్ ఉంటే బయటి నుంచి ఇచ్చిన ఫ్యాక్టర్ 8 ఒంట్లో నిలవదు. జన్యువు పెట్టి లోపల తయారు చేయించినా దానికీ అదే గతి.

పిల్లవాడికి ఏఏవీ ఇంకో కారణానికీ పనికిరాదు. కాలేయం ఇంకా పెరుగుతోంది, కణాలు విడిపోతుంటే కౌలుదారు పలచబడతాడు. ఉన్న ఒక్క టికెట్ ఏడేళ్లకే చించేసినట్టవుతుంది. ఫ్యాక్టర్ 8ను ప్లేట్‌లెట్లలోనే దాచిపెట్టి, గాయం దగ్గర మాత్రమే విడుదలయ్యేలా చేసే దారి మీద పని జరుగుతోంది. ఇన్హిబిటర్ కళ్లుగప్పే ఆలోచన అది. కొవ్వు బిందువుల్లో జన్యువును కత్తిరించే కత్తెర పంపి, అల్బుమిన్ జన్యువు దగ్గర కొత్త జన్యువు చొప్పించే దారి ఇంకొకటి. పెరిగే పిల్లల కోసం ఆశ పెట్టుకోవాలంటే నేను ఈ రెంటి మీదే పెట్టుకుంటాను. వీడికి ఇరవై వచ్చేనాటికి చూడాలి.

ప్రస్తుతం ఎమిసిజుమాబ్ మీద ఉన్నాడు. ఫ్యాక్టర్ 8 చేసే పనిని ఫ్యాక్టర్ 9, 10లను రెండు చేతులతో దగ్గరికి పట్టి చేయించే యాంటీబాడీ ఇది, ఇన్హిబిటర్‌తో దీనికి పేచీ లేదు. చర్మం కింద వేస్తే చాలు. కిలోకు ఒకటిన్నర మిల్లీగ్రాము చొప్పున వారానికి 30, సరిగ్గా ఒక చిన్న వయల్. చుక్క వృథా కాదు. బరువు పెరిగితే ఈ లెక్క తప్పుతుంది, అప్పుడు రెండు వారాలకోసారికి మార్చి వయళ్లు కలిసొచ్చేలా చూసుకోవాలి. ఐస్ డబ్బాలో పెట్టుకుని వాళ్లమ్మ బస్సులో తీసుకెళ్తుంది, ఆదివారం తనే వేస్తుంది.

ఈ మందుతో ఒక తిరకాసుంది. మొన్న జ్వరానికి ఎక్కడో రక్తపరీక్ష చేయిస్తే ఏపీటీటీ మామూలుగా వచ్చిందట. "హీమోఫీలియా లేదు, ఎందుకు సూదులు" అని పంపించేశారు. ఎమిసిజుమాబ్ మీద ఉన్నప్పుడు ఏపీటీటీ మామూలుగానే కనిపిస్తుంది, దాన్ని నమ్మకూడదు. ఇన్హిబిటర్ ఉన్నవాళ్లకు రక్తం ఆపడానికి ఇచ్చే ఫైబా అనే బైపాస్ మందు దీంతో కలిస్తే సన్న నాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం. ఇప్పుడు పిల్లవాడి స్కూలు సంచిలో లామినేట్ చేసిన కార్డు ఉంటుంది, పెద్ద అక్షరాల్లో మూడే వాక్యాలు: కండలోకి సూది వేయొద్దు. ఏపీటీటీ చూసి నిర్ణయించొద్దు. ఫైబా ఇచ్చే ముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి.

ఇప్పటి సంగతి

మేనల్లుడికి మందు మొదలయ్యాక కీళ్లలో రక్తస్రావం లేదు. ఊళ్లో వాడి కాళ్లు ఎప్పుడూ నీలిమచ్చలతో ఉండేవి, ఇప్పుడు మోకాళ్ల మీద అందరి పిల్లల్లా మట్టి మాత్రమే ఉంటుంది.

మేనమామ మళ్లీ వారానికి రెండుసార్లు ఫ్యాక్టర్‌కు వచ్చాడు. తన నరం తనే పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఇంట్లో ఫ్రిజ్ లేదు, వయళ్లు ఎదురింటి కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో థమ్సప్ సీసాల వెనక ఉంటాయి. మొదటిసారి ఆ కొట్టాయన చల్లగా ఉంటే మంచిదని డీప్ ఫ్రీజర్‌లో పెట్టాడు, నాలుగు వయళ్లు పోయాయి. ఇప్పుడు డబ్బా మీద "గడ్డకట్టనియ్యద్దు" అని రాసుంది. ఫైబ్రోస్కాన్ ఆరునెలలకోసారి చూస్తున్నాం, మొన్న 8.9. చెట్టు పాలు మానేశానంటాడు, అంకె కూడా అదే చెబుతోంది.

జాతర ఏడాదిలో పద్నాలుగు రక్తస్రావాలు. ఆ తర్వాతి పన్నెండు నెలల్లో మూడు. మూడో దాని పక్కన, పోయిన నెల, అదే అందమైన చేతిరాత: కుడి మోకాలు, పొద్దున ఆరున్నర, పర్వాలేదు అనుకోలేదు, వెంటనే వెయ్యి ఏసుకున్న.